ఒపానా కొండపై కనబడినది

1941వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీ ఆదివారమునాటి ఉదయమున, హవాయి దీవులలోని ఓహూ ఉత్తరపుటంచున ఒపానా అను కొండమీద క్రొత్తగా నెలకొల్పిన రాడారు నెదుట కూర్చుండిన యిద్దరు సైనికులు, తమ కాపలావేళ ముగిసినను, ఫలహారమునకు గొనిపోవలసిన బండి ఇంకను రాకుండుటచే యంత్రమును ఆపక యుంచి, ఏడుగంటల రెండునిమిషములకు, ఉత్తరదిశను నూటముప్పది మైళ్లకు పైబడిన దూరమునుండి, తామెన్నడును చూచి యెరుగనంతటి విమానసమూహము తమ దీవివైపునకు వచ్చుచుండుటను కనుగొనిరి. వెంటనే టెలిఫోనులో తెలిపిరి. ఆ వార్త నందుకొనిన, రాడారు కార్యమున అనుభవమించుకయు లేని యువ లెఫ్టినెంటు, కాలిఫోర్నియానుండి బాంబరు విమానములు కొన్ని ఆ ఉదయమే రావలసి యున్నవని తలంచి, దానిని గూర్చి కలత చెందవలదని బదులు చెప్పెను. గంట తిరుగకమునుపే ఆ దీవియందలి అమెరికా నౌకాస్థావరమైన పెర్ల్ హార్బరు మంటలలో నుండెను. 350కి పైగా జపాను విమానములు రెండు విడతలుగా వచ్చి కొట్టగా 2,403 మంది అమెరికనులు మరణించిరి.

దీనిని ఆకాశమునుండి ఊడిపడిన పిడుగువలె చెప్పుకొనుట పరిపాటి. నాకది సమ్మతము కాదు. పది రోజులకు మునుపే, నవంబరు 27న, ఇది యుద్ధహెచ్చరికయని స్పష్టముగా పేర్కొనిన తంతివార్త వాషింగ్టనునుండి అచటి నౌకాధిపతికి చేరియుండెను. ఆనాటి ఉదయముననే, విమానములు రాకమునుపు, రేవు వాకిట నొక చిన్న జలాంతర్గామిని వార్డ్ అను అమెరికా నౌక ముంచివైచెను. ఆ వార్తను ధ్రువపరచుకొనుటలోనే కాలము గడచిపోయెను. అంతకు ఏడాది క్రితము, ఇటలీలోని టారంటో రేవున, పాతకాలపు బ్రిటిషు విమానములు ఇరువదియొక్కటి మాత్రమే వెళ్లి టార్పీడోలతో మూడు యుద్ధనౌకలను కూలద్రోసిన సంగతి లోకమునకంతకు తెలియును. పెర్ల్ హార్బరు నీరు టార్పీడోలకు చాలినంత లోతు లేదని అమెరికనులు నిశ్చింతగా నుండిరి. జపానువారు తమ టార్పీడోలకు కొయ్యరెక్కలు తగిలించి ఆ చిక్కును విడదీసికొనిరి.

ఈ విషయమును గూర్చి 1962లో గ్రంథము ప్రకటించిన రొబెర్టా వోల్‌స్టెటర్ అను విదుషి, లోపించినది సమాచారము కాదనియు, పనికిమాలిన సమాచారపు రొదలో పనికివచ్చునది వినబడకపోయెననియు నిరూపించెను. ఆ మాట నిజమే గాని, నాకు మరియొకటి తోచుచున్నది. రొద లేనిచోటను మనము వినము. లెఫ్టినెంటు చెప్పినది కల్ల కాదు. కాలిఫోర్నియా విమానములు నిజముగనే ఆ దాడి నడుమ వచ్చి దిగినవి. కండ్లకు కనబడిన క్రొత్తదానికి చేతికి అందుబాటులోనున్న పాతకారణము నొకదానిని తగిలించి మనస్సును కుదుటపరచుకొనుట మానవస్వభావము. ఎడమరొమ్మున నొప్పి పుట్టిన గృహస్థు ముందటి రాత్రి తిన్న మినపగారెలను తలచుకొని, గ్యాసు అని నిర్ణయించి, వాముకషాయము త్రాగి పరుండుట మన యిండ్లలో ఎన్నిమారులు జరుగలేదు? గారెలు తినిన మాట సత్యమగుటయే అచట ప్రమాదము.

హవాయిలోని సేనాధిపతి షార్టు కథ ఇంకను విచిత్రము. ఆయనకు భయము లేక కాదు. దీవిలోని జపానుసంతతివారు లోలోపల ద్రోహము చేయుదురేమో యని భయపడి, కాపలాకు సులువుగా నుండునని విమానముల నన్నిటిని రెక్కకు రెక్క తగులునట్లు వరుసలుగా నిలిపించెను. ఆయన శంకించిన ద్రోహము దీవిలో నెవ్వరును చేయలేదు. పైనుండి వచ్చినవారికి ఆ వరుసలు వడ్డించిన విస్తరియైనవి. ఒక దిక్కునకే చూచు జాగ్రత్త అజాగ్రత్తకంటె మేలు కాదని నేననుకొందును.

జయించినవారి చూపును అట్టిదే. యుద్ధనౌకలను లెక్కించుకొని సంతసించిన జపాను నౌకాధిపతి నగూమో దళము, చమురు తొట్లను, మరమ్మతు కర్మశాలలను తాకకయే మరలిపోయెను. వారు కోరివచ్చిన విమానవాహక నౌకలు ఆనాడు రేవున లేనేలేవు. నాలుగు నెలలు తిరుగగనే, 1942 ఏప్రిలు 6న, జపాను నౌకాబలమే మన విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను గనుక, ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

అయినను నన్ను మిక్కిలి కలతపరచునది పెర్ల్ హార్బరు కాదు, ఫిలిప్పీను దీవులలోని క్లార్కు విమానక్షేత్రము. పెర్ల్ హార్బరు వార్త అచటి అధిపతియైన మెకార్థరునకు తెల్లవారకమునుపే అందెను. ఫార్మోజానుండి బయలుదేరవలసిన జపాను విమానములు పొగమంచుచే ఆలస్యమై మధ్యాహ్నమునకు గాని రాలేదు. దాదాపు తొమ్మిదిగంటల వ్యవధి! ఉదయము గాలిలోనికి లేపిన అమెరికా బాంబరులు ఇంధనమునకై దిగి, నేలమీదనే యుండి, చాలవరకు నాశనమైనవి. అచట తెలియకపోవుట యను సాకు లేదు. తెలిసినదానిని పనిగా మార్చు నిర్ణయము లేకపోయినది.

హవాయిలో నౌకాధిపతి కిమ్మెలును, సేనాధిపతి షార్టును కొలది దినములలోనే పదవినుండి తొలగింపబడి, కర్తవ్యభంగము చేసిరను నింద మోసి, ఆ నిందతోనే కడతేరిరి. మెకార్థరునకు 1942లో అమెరికా సైన్యమున అత్యున్నతమగు మెడల్ ఆఫ్ ఆనర్ లభించెను. క్లార్కు క్షేత్రమును గూర్చి విధివిహితమైన విచారణ యేదియు జరుగనేలేదు. దోషమును నిర్ణయించుటలో అమెరికా ప్రభుత్వము పాటించిన యీ తారతమ్యము న్యాయమని నేనొప్పుకొనజాలను.