కొవ్వొత్తులు చెప్పిన కబురు

యజమానిని నొప్పించకుండా సెలవు అడగడం ఓ కళ. ఆ కళలో ఆస్ట్రియా స్వరకర్త జోసెఫ్ హేడన్‌ది అందెవేసిన చేయి.

అది 1772. హంగరీలోని ఎస్టర్‌హాజా వేసవి భవనమంటే ప్రిన్స్ నికొలాస్‌కి మహా ఇష్టం. వేసవి దాటినా కదలడే! కొలువులోని వాద్యకారుల భార్యాబిడ్డలేమో దూరాన ఐసెన్‌స్టాట్‌లో. వెంట తెచ్చుకోవడానికి చాలామందికి అనుమతి లేదు. ఇంటిమీద బెంగ. ప్రభువును అడిగే ధైర్యమా... లేదు. తమ బృందానికి పెద్దయిన హేడన్‌తో మొరపెట్టుకున్నారు.

ఆయన అర్జీ రాయలేదు, సింఫనీ రాశాడు. మామూలుగా సింఫనీ జోరుగా ముగుస్తుంది. ఇదేమో చివర్లో ఉన్నట్టుండి నెమ్మదించింది. వాద్యకారులు ఒక్కొక్కరే తమ వంతు వాయించడం, ఎదుటి కొవ్వొత్తి ఆర్పడం, వాద్యం పట్టుకుని వెళ్లిపోవడం! ఆఖరికి రెండు వయొలిన్లే మిగిలాయి. అవీ సన్నగా మోగి ఆగిపోయాయి.

ప్రభువుకు సంగతి అర్థమైంది. మర్నాడే ప్రయాణం కట్టించాడట! వృద్ధాప్యంలో హేడనే చెప్పిన ముచ్చట ఇది.

ఆ 45వ సింఫనీకి 'వీడ్కోలు' అన్న పేరు స్థిరపడింది. ఇప్పటికీ కొన్ని కచేరీల్లో వాద్యకారులు అలాగే ఒక్కొక్కరుగా లేచి వెళ్తుంటారు. మామూలు అర్జీ అయితే ఏనాడో చెదలు పట్టేది కదూ!