మండువాలో ముగ్గురు అమ్మమ్మలు

మా అమ్మమ్మ వాళ్ల మండువా ఇల్లు వచ్చే నెల పడగొట్టేస్తున్నారు. ఈలోగా ఫొటోలు తీద్దామని వెళ్తే ఒకటే తంటా. మండువాలో ఎండ సరిగ్గా పడితే చుట్టూ వసారా చీకటైపోతోంది. వసారా కనపడితే మండువా సున్నం కొట్టినట్టు తెల్లగా పేలిపోతోంది.

సరే, హెచ్‌డీఆర్ చూద్దామనుకున్నా. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, ఎపర్చర్ ముట్టుకోకుండా షట్టర్ స్పీడ్ మాత్రం మార్చి మూడు తీశా: 1/250, 1/60, 1/15. అంటే ఒక్కోదానికీ రెండేసి స్టాపుల తేడా. ల్యాప్‌టాప్‌లో కలిపాక ఉత్సాహం ఆగక స్లయిడర్లన్నీ చివరిదాకా లాగేశా. దూలాల చుట్టూ తెల్లటి అంచులు, గోడలకి పెళ్లిపందిరి రంగులు! అమ్మ చూసి "ఎవరిల్లురా ఇది?" అంది.

అన్నీ వెనక్కి తిప్పి, వసారాలో నీడని కాస్త నీడగానే వదిలేశా. అప్పుడు కనపడింది అసలు సంగతి. మూడు క్లిక్కుల మధ్యలో అమ్మమ్మ వంటింట్లోంచి నడిచొచ్చిందేమో, స్తంభాల పక్కన ముగ్గురు అమ్మమ్మలు, పల్చగా, గాజుబొమ్మల్లా.

డీఘోస్ట్ నొక్కితే ఒక్కరే మిగిలారు. ఆ కాపీ అమ్మకి పంపా. ముగ్గురున్నది నా దగ్గరే ఉంచుకున్నా.