ఇంటి వైద్యం: యూఎస్‌బీకి వచ్చిపోయే జ్వరం



ఈ నెల మా రోగి మనిషి కాదు, బోటనీ డౌన్స్‌లో మా ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటరు. నవ్వకండి. ఈ రోగం మీలో చాలామంది ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది.

2019లో తెనాలి వెళ్ళినప్పుడు మా నాయనమ్మ చెప్పిన కథలూ, పాడిన మంగళహారతులూ రికార్డు చేసి తెచ్చుకున్నాము. 2021లో ఆవిడ కాలం చేశారు. వెళితే తిరిగి ఎప్పుడు రానిస్తారో తెలియని కోవిడ్ రోజులు. కడసారి చూపుకు నోచుకోలేదు. ఆ గొంతు మాకు మిగిలింది ఒక్క చిన్న హార్డు డిస్కులోనే.

మొన్న జూలై బడి సెలవుల్లో, బయట వాన పడుతుంటే, పిల్లలకు వినిపిద్దామని కూర్చున్నాము. కథ మధ్యలో టింగుమని చప్పుడు, డిస్కు మాయం. అర నిమిషానికి మళ్ళీ ప్రత్యక్షం. "నాన్నా, తాతమ్మ మళ్ళీ పోయింది" అంది మా అమ్మాయి. మా శ్రీమతి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రోగులను చేయవద్దని రోజూ చెప్పే పనే మేము చేశాము. కంగారులో కేబులు మార్చి, డ్రైవర్లు కొత్తవి వేసి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాము. గంటసేపు బాగానే ఉంది, తరువాత మళ్ళీ మొదలు. నాలుగు మందులు ఒకేసారి మింగితే ఏది పనిచేసిందో, ఏది వికటించిందో ఎవరు చెప్పగలరు?

అప్పుడు బుద్ధి తెచ్చుకుని పద్ధతిగా మొదలుపెట్టాము. మొదటి సూత్రం, ప్రాణం ముందు, పరీక్షలు తరువాత. డిస్కును లాప్‌టాప్‌కు తగిలించి చూస్తే నిలకడగా నడిచింది. వెంటనే రికార్డింగులన్నీ దానిలోకి కాపీ చేశాము. అంటే జబ్బు డిస్కుది కాదని కూడా తేలింది. ఒకవేళ డిస్కు లోపలినుంచి టకటకమని చప్పుడు వస్తుంటే ఏ ప్రయోగమూ చేయక, వెంటనే ఆపి, తెలిసినవారికి చూపించండి.

రెండవ సూత్రం, ఒకసారికి ఒక్కటే మార్చాలి. ముందు పోర్టు. పెట్టె ముందువైపు పోర్టులు లోపల ఒక తీగ ద్వారా మదర్‌బోర్డుకు కలుస్తాయి. వెనుకవైపువి నేరుగా బోర్డుమీదే ఉంటాయి. కనుక ముందు వెనుకవైపు పెట్టి చూడాలి. తరువాత కేబులు. పొట్టిదైతే మేలు. యూఎస్‌బీ 2కు 5 మీటర్లు దాటకూడదు. పోర్టులో దుమ్ము, నూలుపోగులు ఉంటే కంప్యూటరు పూర్తిగా ఆపి ఊదాలి. పిన్నీసుతో పొడవకూడదు.

తరువాత ఆహారం. యూఎస్‌బీ 2 పోర్టు 500, యూఎస్‌బీ 3 పోర్టు 900 మిల్లీయాంపియర్ల వరకు కరెంటు ఇవ్వాలని నిబంధన. సొంత ప్లగ్గు లేని హబ్బు తగిలిస్తే ఆ కాస్తనే అందరూ పంచుకోవాలి. డిస్కులో మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణాన కరెంటు ఎక్కువే కావాలి.

విండోస్‌లో ఇంకొక చిక్కు ఉంది. పొదుపు కోసం అదే పోర్టును నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ కింద ఆ అనుమతికి ఉన్న టిక్కు తీసివేయాలి. వైర్‌లెస్ మౌసు తడబడుతుంటే దాని రిసీవరును యూఎస్‌బీ 3 డిస్కుకు దూరంగా జరపండి. యూఎస్‌బీ 3 నుంచి వెలువడే రొద 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకు అడ్డు తగులుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే వివరించింది.

మా ఇంట్లో దోషి ఎవరంటారా? హబ్బు! సొంత ప్లగ్గు లేని ఆ హబ్బును ముందువైపు పోర్టుకు తగిలించి, దానికే కెమెరా, డిస్కు, ఛార్జింగుకు ఫోను, అన్నీ వేలాడదీశాము. డిస్కును తీసి వెనుక పోర్టుకు నేరుగా పెట్టాము, మరేదీ ముట్టుకోలేదు. రెండు రోజులు వరసగా నడిపినా పడిపోలేదు. రూఢి చేసుకోవడానికి మళ్ళీ హబ్బుకు పెట్టాము. పది నిమిషాల్లో టింగుమంది! రోగనిర్ధారణ అంటే అదీ.

1996లో వెలువడిన ఈ యూఎస్‌బీని రూపొందించిన ఇంటెల్ బృందానికి ముఖ్యుడు బరోడాలో చదువుకున్న అజయ్ భట్. తగిలిస్తే చాలు, పనిచేయాలన్నదే వారి ఆశయం. తప్పు వారిది కాదు, ఒక్క కొమ్మకు పది ఊయలలు కట్టిన మనది.

ఇప్పుడు నాయనమ్మ గొంతు మూడు చోట్ల ఉంది. ఒకటి కంప్యూటరులో, ఒకటి డిస్కులో, ఒకటి తెనాలిలో మా తమ్ముడి దగ్గర. మీ బీరువాలోనూ పెద్దవాళ్ళ గొంతో, పెళ్ళి వీడియోనో ఒక్క డిస్కులోనే ఉందా? ఈ శనివారమే రెండవ ప్రతి తీయండి. మొన్న కథ మధ్యలో ఆగిపోయిన చోటు మా అమ్మాయికి గుర్తుంది. అక్కడినుంచే మళ్ళీ విన్నాము.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాము. సెలవు.