వేలిముద్రకు ముందే వకీలు

కౌలు కాగితం రాసేది ఆసామి మనిషి. చదివి వినిపించేదీ వాడే. మనం వేలిముద్ర వేస్తాం, ఒక్కోసారి ఖాళీ ప్రామిసరీ నోటు మీద కూడా! ఇంట్లో పదో తరగతి పిల్ల ఉన్నా చదివించం. మిర్చికి తెగులొచ్చి పోయాక తెలుస్తుంది, పంట పోయినా కౌలు కట్టాలని అందులో రాసుందని.

2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందం రాసుకోమంది. దానికి సంతకం పెట్టమంటే ఆసామికి భూమి పోతుందని భయం. మన వేలు మాత్రం కావాలి. ఇదేం న్యాయం?

వకీలుకు డబ్బులేవి అంటారు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ చూడండి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పన్లేదు, వకీలు ఉచితం. కేసు పడ్డాకే కాదు, సలహాకూ అంతే. నరసరావుపేట, గురజాల కోర్టుల్లోని న్యాయసేవల కమిటీకి కాగితం నకలు పట్టుకెళ్లండి. నకలివ్వనంటే వేలు పెట్టొద్దు. తోడు కావాలంటే మేమొస్తాం.