బూడిదరంగులో ఎరుపు ఎక్కడుంది?

పాత నలుపు తెలుపు ఫొటోలకు కంప్యూటరుతో రంగులు వేయడం ఈనాడు క్షణాల్లో పని. "అబ్బ, నిన్న తీసినట్టుంది!" అనిపిస్తుంది. బాగానే ఉంది. కాని మీ అమ్మమ్మ పెళ్ళిచీర అసలు రంగు కంప్యూటరుకి ఎలా తెలుసు?

తెలియదు! నలుపు తెలుపు ఫిల్ము మీది వెండి లవణాలు తమపై ఎంత కాంతి పడిందో నమోదు చేస్తాయి. అది ఏ రంగు కాంతో చెప్పవు. ముదురు ఎరుపు చీరా, ముదురు ఆకుపచ్చ చీరా ఒకే బూడిదరంగులో పడవచ్చు. 19వ శతాబ్దపు గాజుపలకలు మరీ చిత్రం. నీలికాంతికి చప్పున స్పందించేవి, ఎర్రకాంతికి దాదాపు స్పందించేవే కావు. అందుకే ఆ ఫొటోల్లో నీలాకాశం తెల్లగా, ఎర్రగుడ్డ నల్లగా కనిపిస్తాయి. లక్షల రంగు ఫొటోలు చూసి నేర్చుకున్న కంప్యూటరు, ఇలాంటిచోట మామూలుగా ఏ రంగుంటుందో ఊహిస్తుంది, అంతే.

అలాగని రంగులు వేయడమే తప్పంటే నేనొప్పుకోను. చెస్వావా క్వోకా అనే పోలండు బాలికను 1942 డిసెంబరులో నాజీలు ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి తెచ్చారు. 1943 మార్చిలో అక్కడే చనిపోయింది. వయసు 14 ఏళ్ళు, అంటే మీ ఈడుదే. శిబిరంలో తీసిన ఆమె ఫొటోకి 2018లో బ్రెజిల్ చిత్రకారిణి మరీనా అమరల్ రంగులు వేసింది. చొక్కా మీది త్రికోణానికి ఎరుపు వేసింది, ఎందుకంటే రాజకీయ ఖైదీలకు ఎర్ర త్రికోణం కుట్టేవారని రికార్డులున్నాయి. చిట్లిన పెదవి మీద నెత్తురు కూడా ఎర్రగానే వేసింది. నలుపు తెలుపుల్లో అది నల్లని మరక, చాలామంది గమనించరు. రంగులో చూశాక మరచిపోలేరు.

కాబట్టి నన్నడిగితే, రంగు ఫొటో పక్కనే అసలుదీ అచ్చు వేయాలి. ఏ రంగుకి ఆధారముందో, ఏది ఊహో కింద రాయాలి. ఇంత పట్టుదల ఎందుకంటారా? కంబోడియాలోని టుయోల్ స్లెంగ్ జైల్లో 1975-79 మధ్య వేలమందిని హింసించి చంపారు. లోపలికి తెచ్చినప్పుడు ఒక్కొక్కరికీ ఫొటో తీశారు. 2021లో ఒకరు వాటిలో కొన్నింటికి రంగులు వేస్తూ, నవ్వని ముఖాలకు నవ్వు కూడా అతికించారు! చావుకి ముందు తీసిన ఫొటోలో లేని నవ్వు! కంబోడియా ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, ప్రచురించినవారు వాటిని తొలగించారు. ఆ జైలు ఇప్పుడు మ్యూజియం. అసలు ఫొటోలు అక్కడి గోడల మీద నలుపు తెలుపుల్లోనే ఉన్నాయి.