తల్లినీ బిడ్డనీ కలిపి కప్పే దుప్పటి



క్రిస్మస్ దగ్గర పడినప్పుడూ, స్త్రీల సమాజం వార్షికోత్సవాలప్పుడూ మన సంఘాల నుండి ప్రసూతి వార్డుకు కానుకలు వస్తుంటాయి. పండ్లు, సబ్బులు, బేబీ సెట్లు, వాటితోపాటు దుప్పట్లు. ఇచ్చే చేతుల ప్రేమను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ దుప్పట్లలో చాలా భాగం మెత్తగా, బొచ్చుగా, రంగురంగుల బొమ్మలతో ఉండే సింథటిక్ దుప్పట్లు. వాటి గురించి ఒక మాట చెప్పాలనిపించింది. పసిబిడ్డకు ఇచ్చే దుప్పటి నూలుతో అల్లినదై ఉండాలి. అది బిడ్డను తల్లి నుండి వేరుగా చుట్టి పెట్టేది కాక, తల్లినీ బిడ్డనీ కలిపి కప్పేది కావాలి. అటువంటి దుప్పటిని మన సంఘాల్లోని స్త్రీలే అల్లగలరని నా అభిప్రాయం.

"మామిడికాయలు కోసే ఎండల్లో దుప్పటి ఏమిటి సిస్టర్?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఏప్రిల్, మే నెలల్లో నూజివీడు తోటల్లో నీడలో కూర్చున్నా చెమట ఆగదు. ఆ రోజుల్లో కూడా కొన్ని ఇళ్లలో బాలింత గదికి తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను కట్టేసి, బిడ్డ తలకు ఉన్ని టోపీ, ఒంటికి స్వెట్టరు, పైన రెండు దుప్పట్లు చుట్టి, మంచం కింద కుంపటి పెడతారు. అలా చేస్తే బిడ్డకు ఒళ్లు కాలుతుంది, నోరు ఎండుతుంది, పాలు తాగడం తగ్గుతుంది. జ్వరమని పరుగెత్తుకొస్తారు. ఒక్కోసారి అది చుట్టిన బట్టల వేడే అవుతుంది. ఒక్కోసారి నిజమైన ఇన్ఫెక్షన్ అవుతుంది. నెల లోపు బిడ్డ విషయంలో ఏది ఏదో ఇంట్లో తేల్చుకోకూడదు. బట్టలు తగ్గించి, పాలు పట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ, అంటే రెండున్నర కిలోల లోపు బిడ్డ, ఎండాకాలంలో కూడా చల్లబడిపోతుంది. ఆ బిడ్డ చర్మం కింద కొవ్వు చాలా తక్కువ. ఒళ్లు తడిగా ఉన్నా, ఫ్యాను గాలి తగిలినా, ఏసీ గదిలో ఉంచినా శరీరంలోని వేడి త్వరగా పోతుంది. బిడ్డ చల్లబడితే చన్ను పట్టడానికి శక్తి ఉండదు. పాలు తాగకపోతే ఇంకా చల్లబడుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. అందుకే ఎండాకాలంలో కూడా దుప్పటి అవసరమే. అయితే అది ఎటువంటిది, దాన్ని ఎలా కప్పాలి అన్నది తెలియాలి.

బిడ్డ ఒళ్లు ఎలా ఉందో తెలుసుకోవడానికి మా నర్సులు చేసే పని మీరూ చేయవచ్చు. మీ చేతిని శుభ్రంగా కడిగి, తుడుచుకుని, ముందు బిడ్డ పొట్ట మీద, తర్వాత పాదాల మీద పెట్టండి. రెండూ గోరువెచ్చగా ఉంటే బిడ్డ క్షేమం. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి తగులుతోందని అర్థం. వెంటనే తల్లి ఛాతీకి ఆనించి కప్పండి. పొట్ట, పాదాలు రెండూ చల్లగా ఉంటే ప్రమాదం. బిడ్డను తల్లి ఒంటికి ఆనించుకునే ఆసుపత్రికి బయలుదేరండి. పొట్ట, పాదాలు రెండూ కాలుతుంటే, మెడ వెనుక చెమట పట్టి ఉంటే వేడి ఎక్కువైంది. థర్మామీటరు ఉన్నవారికి ఒక లెక్క: చంకలో 36.5 నుండి 37.5 సెంటీగ్రేడు వరకు ఉండటం మంచిది.

ఇప్పుడు తల్లి ఛాతీ సంగతి. 1970ల చివరలో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, బొగోటా నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలలేదు. అక్కడి డాక్టరు ఎడ్గర్ రే సనాబ్రియా, ఆయనతోపాటు డాక్టరు హెక్టర్ మార్టినెజ్, నెలలు నిండని పిల్లలను తల్లుల రొమ్ముల మధ్య నిలువుగా ఉంచి గుడ్డతో కట్టించారు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్లు ఉంటుంది గనుక దానికి కంగారూ సంరక్షణ అని పేరు వచ్చింది. 2021లో వెలువడిన పెద్ద పరిశోధన ఒకటి మన దేశంతోపాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా దేశాల ఆసుపత్రుల్లో జరిగింది. కిలో నుండి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువున్న పిల్లలను చూశారు. బిడ్డ స్థిమితపడ్డాక కంగారూ సంరక్షణ మొదలుపెట్టిన గుంపులో, నెల తిరగకముందే నూటికి దాదాపు 16 మంది చనిపోయారు. పుట్టిన వెంటనే మొదలుపెట్టిన గుంపులో అది 12కు తగ్గింది. ఆ తర్వాత 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తక్కువ బరువు పిల్లలకు దీన్ని పుట్టిన వెంటనే మొదలుపెట్టి, రోజుకు 8 నుండి 24 గంటల వరకు, వీలైనంత ఎక్కువసేపు చేయమని చెప్పింది.

చేసే విధానం కష్టం కాదు. బిడ్డకు డైపరు లేక గుడ్డ, టోపీ, మేజోళ్లు మాత్రం ఉంచి, తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు ఆనేలా నిలువుగా పెట్టాలి. తల ఒక పక్కకు తిరిగి, ముక్కు, నోరు కనబడుతూ ఉండాలి. కాళ్లు కప్ప కాళ్లలా మడిచి ఉండాలి. గుడ్డతో కట్టి, వీపు మీదుగా దుప్పటి కప్పాలి. తల్లి అలసిపోతే తండ్రి చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు, నాయనమ్మ చేయవచ్చు. వేడి ఇచ్చేది తల్లి ఒళ్లే. దుప్పటి ఆ వేడిని నిలిపి ఉంచుతుంది, అంతే. దుప్పటి ఎంత ఖరీదైనదైనా తనంతట తాను వేడిని పుట్టించలేదు. చల్లబడిన బిడ్డను మందపాటి దుప్పటిలో మూటకట్టి పక్క మంచం మీద పడుకోబెడితే, లోపల చల్లదనమే మిగులుతుంది. ఈ సంగతి తెలియకే చాలా కుటుంబాలు పొరపడుతున్నాయి.

ఇక నూలే ఎందుకంటే, అది చెమట పీల్చుకుంటుంది, గాలి ఆడనిస్తుంది, వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయవచ్చు. బజారులో మనం ఉన్ని అని కొనేది చాలాసార్లు అక్రిలిక్ అనే సింథటిక్ దారం. అది చెమట పీల్చదు, నిప్పు దగ్గరకు వెళ్తే కరిగి ఒంటికి అంటుకుంటుంది. కుంపటి పెట్టే ఇళ్లలో అది మరీ ప్రమాదం. అసలు బాలింత గదిలో కుంపటి, సాంబ్రాణి పొగ వద్దే వద్దు. పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు పడదు. మన పెద్దలు పుట్టిన బిడ్డకు కొత్త బట్ట వేయక, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర ముక్కలో చుట్టేవారు. ఆ పద్ధతిలో మంచి తెలివి ఉంది. యేసు ప్రభువును తల్లి చుట్టినవి కూడా పొత్తిగుడ్డలే కదా.

మనవారు అల్లగలరని ఎందుకు అంటున్నానంటే, ఈ క్రోషే పని మనకు పరాయిది కాదు. నూజివీడు నుండి ఏలూరు, భీమవరం మీదుగా వెళితే నర్సాపురం వస్తుంది. అక్కడ, పాలకొల్లు చుట్టుపక్కల గ్రామాల్లో వేలాది స్త్రీలు లేసు అల్లుతారు. 1844 ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు ఈ పని నేర్పారని అక్కడ చెప్పుకుంటారు. ఆ లేసు దేశదేశాలకు వెళ్లింది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఈ కథలో మరొక భాగం ఉంది. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీలతో మాట్లాడి, 1982లో వారి గురించి ఒక పుస్తకం ప్రచురించారు. రోజంతా అల్లినా వారికి చాలా తక్కువ కూలి వచ్చేదనీ, అది పని కాదు, ఇంటి ఆడవాళ్ల తీరిక అని చుట్టూ ఉన్నవారు అనుకునేవారనీ ఆమె రాశారు. మన ఆడవాళ్ల చేతుల్లో ఇంత నేర్పు ఉండగా, వారు అల్లినవి ఎక్కడో భోజనాల బల్లల మీద పరుచుకుంటున్నాయి. మన పిల్లలకేమో ప్లాస్టిక్ కవరులో వచ్చిన అక్రిలిక్ దుప్పటి.

క్రోషే తెలిసినవారికి చారల దుప్పటి చాలా తేలిక. లేసు దారం కంటే కాస్త లావుగా, మెత్తగా ఉండే నూలు దారం, దానికి సరిపోయే 3 మిల్లీమీటర్ల సూది తీసుకోండి. ముప్ఫై అంగుళాల పొడవు గొలుసు వేసి, వెనక్కు తిరిగి ప్రతి గొలుసులో ఒక సింగిల్ కుట్టు వేయండి. ప్రతి వరుస చివర ఒక గొలుసు వేసి తిప్పండి. ఒక రంగు రెండు వరుసలు, మరో రంగు రెండు వరుసలు. రెండేసి వరుసలైతే దారం మళ్లీ అదే అంచుకు వస్తుంది గనుక ప్రతిసారీ తెంపనక్కరలేదు. మొదటి వరుసలో ఎన్ని కుట్లున్నాయో చివరి వరుస దాకా అన్నే ఉండాలి. నేర్చుకునేవారికి చారలతో లాభమేమిటంటే, ఎక్కడైనా కుట్టు తప్పితే ఆ చార పొట్టిదై వెంటనే కనబడుతుంది. ముప్ఫై అంగుళాల చదరం అయ్యాక, అంచున వచ్చిన దారాలన్నీ లోపల పడేలా చుట్టూ ఒక వరుస సింగిల్ కుట్టు వేసి ముగించండి. దుప్పటి తేలిగ్గా ఉండాలి. చిన్న బిడ్డ వీపు మీద బరువు పడకూడదు.

నర్సుగా నేను కోరే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. నర్సాపురం లేసులో అందం రంధ్రాల్లో ఉంది, కానీ బిడ్డ దుప్పటిలో రంధ్రాలు వద్దు. చిటికెన వేలు దూరినా చాలు, బిడ్డ లాగినప్పుడు బిగుసుకుంటుంది. విడి దారం వేలికి గాని, కాలివేలికి గాని చుట్టుకుంటే రక్తం ఆగి వేలు వాచి నల్లబడుతుంది. కాబట్టి దారం కొసలు రెండు అంగుళాలైనా లోపలికి దూర్చి, మళ్లీ వెనక్కు తిప్పి కుట్టండి. కుచ్చులు, పూసలు, బొత్తాలు, రిబ్బన్లు పెట్టవద్దు. ఇక రంగు. మామిడి పండు రంగు మనకు ఎంత ఇష్టమైనా, ఈ దుప్పటికి పసుపు రంగు వద్దు. పసుపు బట్ట మీద బిడ్డ ఒళ్లు కూడా పచ్చగా కనబడి, పచ్చకామెర్లు ఉన్నాయో లేవో చూడటం కష్టమవుతుంది. తెలుపు, లేత నీలం, లేత ఆకుపచ్చ మంచివి. వాటి మీద బొడ్డు నుండి రక్తం కారినా, చీము వచ్చినా వెంటనే తెలుస్తుంది. దారాన్ని తడి తెల్లగుడ్డతో రుద్ది, రంగు దిగకపోతేనే వాడండి. ఇచ్చే ముందు దుప్పటిని ఉతికి, ఎండలో ఆరబెట్టి ఇవ్వండి.

పుచ్చుకున్న తల్లులకు కూడా ఒక మాట. బిడ్డ ఒంటరిగా నిద్రపోతున్నప్పుడు దుప్పటిని ముఖం మీదికి రానీయవద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, కప్పితే ఛాతీ వరకే కప్పి, అంచులు పరుపు కిందికి దూర్చండి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో నిండు నెలల బిడ్డకు పలుచని నూలు జుబ్బా చాలు, దుప్పటి మడిచి పక్కన పెట్టండి. కాళ్లు చాపి బిగించి మూటకట్టవద్దు, తుంటి కీళ్లకు మంచిది కాదు. ఎంత ఎండైనా ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టవద్దు. దాహానికీ ఆకలికీ తల్లిపాలే.

"బజారులో తక్కువకే దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకు?" అనేవారు ఉంటారు. నిజమే, చేతితో అల్లినది ఖరీదే. అందుకే సంఘాలు ఇరవై సింథటిక్ దుప్పట్లు ఇచ్చే బదులు ఐదు నూలు దుప్పట్లు ఇవ్వండి అంటాను. అవి నెలలు నిండని బిడ్డలకు, తక్కువ బరువు బిడ్డలకు ముందుగా చేరతాయి. ఇంకొక మనవి. మీ సంఘంలో అల్లికతో బతుకుతున్న విధవరాలో, ఒంటరి తల్లో ఉంటే, దేవుని సేవ అని చెప్పి ఆమె చేత ఊరికే అల్లించవద్దు. దారం కొనివ్వండి, రోజుల లెక్కన కూలి కట్టివ్వండి. తీరిక, చేతిలో డబ్బు ఉన్నవారు ఉచితంగా అల్లితే అది కానుక. లేనివారి చేత ఉచితంగా అల్లిస్తే అది భారం. అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయంలో దొర్కా చనిపోయినప్పుడు, యొప్పేలోని విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు, వస్త్రములు పేతురుకు చూపించి ఏడ్చారు. దొర్కా విధవరాండ్రకు కుట్టి ఇచ్చింది గాని, వారి చేత కుట్టించుకోలేదు.

ఈ సంవత్సరం మీ స్త్రీల సమాజం కూడికలో ఈ విషయం మాట్లాడమని కోరుతున్నాను. క్రోషే వచ్చిన అమ్మలు ఎవరో, నేర్చుకోవాలనుకునే ఆడపిల్లలు ఎవరో పేర్లు రాసుకోండి. దుప్పటి తెచ్చినప్పుడు వార్డులో మా నర్సులు కంగారూ పద్ధతి ఎలా చేయాలో చూపిస్తారు. అది చూసి వెళ్లి మీ ఊళ్లో నలుగురు బాలింతలకు చెప్పండి. దుప్పటి ఒక్క బిడ్డకే సరిపోతుంది, ఈ మాట మాత్రం ఊరందరికీ సరిపోతుంది.

ప్రభువు మీ చేతిపనిని, మీ పిల్లలను దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్