విత్తనం అదే... నేలే వేరు!

తాండూరు కందిపప్పు రుచే వేరంటారు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ రుచికి కారణం విత్తనం ఒక్కటే కాదు. సున్నపురాయి నిల్వలున్న చోట పరచుకున్న ఆ నల్లరేగడి కూడా. అదే విత్తనాన్ని పట్టుకెళ్లి మరోచోట చల్లితే పంట రావచ్చు. ఆ రుచి వస్తుందని మాత్రం ఎవరూ పూచీ పడలేరు. రాకపోతే తప్పు విత్తనానిదే అందామా?

ఫుట్‌బాల్‌లో సరిగ్గా అదే అంటారు! జట్టు నాలుగు మ్యాచులు ఓడిందంటే చాలు, కోచ్ పెట్టే సర్దుకోవాల్సిందే. నిన్న ఒక జట్టుతో కప్పు గెలిపించినవాడు, నేడు మరో జట్టుతో చతికిలపడతాడు. ఏడాది తిరిగేసరికి తెలివి ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. మారింది నేల!

ఒకే కోచ్... రెండు కథలు

ఇందుకు ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి ఐఎస్‌ఎల్ సీజన్‌లో పది జట్లలో పదో స్థానంలో నిలిచింది. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే సాగనంపారు. 2020లో స్పెయిన్ నుంచి మనోలో మార్క్వెజ్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లను నమ్మి బరిలోకి దింపాడు. మొదటి ఏడాది అయిదో స్థానం. రెండో ఏడాది... 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో స్కోరు సమమైంది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపేశాడు. కప్పు హైదరాబాద్‌ది!

2024లో అదే మార్క్వెజ్ చేతికి భారత జట్టు వచ్చింది. తొలి మ్యాచ్ హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలిలో. ప్రత్యర్థి మారిషస్. ఒక్క గోల్ కూడా పడలేదు. ఆ తర్వాతా అదే వరస. ఎనిమిది మ్యాచుల్లో గెలిచింది ఒక్కటే, అదీ మాల్దీవులపై. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి అప్పటికే అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పేశాడు. గోల్స్ కోసం ఆయన్నే వెనక్కి రప్పించాల్సి వచ్చింది. 2025 జులైలో మార్క్వెజ్ తప్పుకొన్నాడు. విచిత్రం ఏమిటంటే, అంతకు రెండు నెలల ముందే తన మరో జట్టు ఎఫ్‌సీ గోవాకు సూపర్ కప్ గెలిపించాడు!

క్లబ్బులో ఆటగాళ్లు నెలల తరబడి కోచ్ కళ్లెదుటే ఉంటారు. ఇవాళ చెప్పింది రేపు సరిదిద్దొచ్చు. సరైన గోల్‌కొట్టేవాడు లేకపోతే తెచ్చుకోవచ్చు. 2021-22లో హైదరాబాద్ తరఫున 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే నైజీరియా ఆటగాడే. జాతీయ జట్టులో ఆ వీలుండదు. ఉన్నవాళ్లతోనే సర్దుకోవాలి. వాళ్లు కూడా చేతికి దొరికేది కొద్ది రోజులే. పైగా అప్పట్లో మార్క్వెజ్‌ది రెండు పడవల ప్రయాణం.

నలభై నాలుగు రోజులు

అలాగని ప్రతి ఓటమికీ నేలనే తిట్టిపోస్తే కుదరదు. నేలను చదవడం కూడా కోచ్ పనే. ఇంగ్లండ్‌లో బ్రయాన్ క్లఫ్ సంగతి చూడండి. రెండో డివిజన్‌లో ఉన్న డెర్బీ కౌంటీని పైకి తెచ్చి, 1972లో దేశానికే ఛాంపియన్‌ను చేశాడు. 1974లో లీడ్స్ యునైటెడ్‌కు వెళ్లాడు. అప్పటికే ఛాంపియన్లయిన ఆ జట్టు ఆటతీరును ఆయన ఎన్నో ఏళ్లుగా విమర్శిస్తూనే ఉన్నాడు. ఆ ఆటగాళ్ల ముందే గురువుగా నిలబడితే వింటారా? పైగా కుడిభుజం లాంటి పీటర్ టేలర్ ఈసారి వెంట లేడు. 44 రోజుల్లో ఇంటిదారి పట్టాడు.

అక్కడితో ఆయన పనయిపోయిందనుకున్నవాళ్లు ఎందరో! తర్వాతి ఏడాది నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో చేరాడు. టేలర్ మళ్లీ తోడయ్యాడు. 1978లో లీగ్, 1979, 1980లో వరుసగా యూరోపియన్ కప్పులు!

రహీం సాబ్ నేల

మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. పోలీసు ఉద్యోగం ఆటగాడి ఇంటికి బియ్యం తెచ్చేది. కాబట్టి జట్టు చెదరలేదు. గురువు చెప్పింది ఒంటబట్టేదాకా ఒకేచోట ఉంది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం సాధనకు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు కూడా ఇచ్చి రప్పించుకున్న మనిషి రహీం. నేలను చదవడమంటే ఇదే.

ఆయన కథలోనూ ఓటమి ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడాం. మనవాళ్లలో చాలామందికి కాళ్లకు బూట్లు కూడా లేవు. ఆ ఒక్క స్కోరు చూసి రహీంకు మళ్లీ అవకాశం ఇవ్వకపోయి ఉంటే? 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం వచ్చేదా? 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం దక్కేదా? మరుసటి ఏడాదే క్యాన్సర్ ఆయన్ను తీసుకెళ్లింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

మన ఇంట్లోనూ...

వికారాబాద్ నుంచి తాండూరు రైల్లో గంటలోపు దూరం. వికారాబాద్ బడిలో పిల్లల్ని జిల్లా పోటీల దాకా తీసుకెళ్లిన పీఈటీ సారు బదిలీ మీద తాండూరు వెళ్లాడనుకోండి. అక్కడ మైదానం లేదు. సాయంత్రం పిల్లలు ఆగరు, బస్సు వెళ్లిపోతుంది. ఏడాది గడిచాక ‘వెనకటి సారే నయం’ అనేస్తారు. సారు మారలేదు, మైదానం మారింది. ఆ మాట ఎవరూ అడగరు.

పిల్లల విషయంలోనూ అంతే. పల్లె బడిలో తరగతికి మొదటివాడు పట్నం హాస్టల్లో చేరగానే వెనకబడతాడు. ‘వీడికి చదువు రాదు’ అని ఇంట్లోనే తీర్పు చెప్పేస్తాం. కోచ్‌కైతే మరో క్లబ్బు పిలుపు వస్తుంది. పదమూడేళ్ల పిల్లాడికి ఆ పిలుపు ఎవరు పంపాలి?

కంది మొలవకపోతే రైతు ముందుగా విత్తనాన్ని తిట్టడు. వంగి, గుప్పెడు మట్టి తీసి చూస్తాడు.

మనం కూడా ఒకసారి వంగి చూస్తే పోయేదేముంది?